ఆ రబ్బరు గొట్టం మాత్రం కొనకు మామా

ఒరేయ్ మామా,

నీ మెసేజ్‌లు మూడు వచ్చి పడున్నాయి, ఒక్కదానికీ జవాబివ్వలేదు, తప్పు నాదే, తిట్టుకో. నాన్న కంటి ఆపరేషన్ బాగా అయింది, చెల్లి పరీక్షలు అయిపోయాయి, ఆఫీసు ఎప్పటిలాగే ఉంది, మిగతావి వచ్చినప్పుడు చెప్తా. నువ్వు కూడా బిట్‌కాయిన్ మైనింగ్ మెషీన్‌ని (లెక్కలు చేసి కాయిన్లు సంపాదించేది) చల్లగా ఉంచడానికి నూనెలో ముంచాలనుకుంటున్నావని, ఈ ఆదివారం సామాను కొంటావని మీ తమ్ముడు ఫోన్‌లో అన్నాడు. ఆగరా బాబూ. ఇదంతా చదివాక కొను.

నా మైనింగ్ మెషీన్ ఎస్19జె ప్రో నీకు తెలిసిందే. చెన్నై తిరువొత్తియూర్‌లో మేడ మీద రేకుల గది, నాలుగు ఫ్యాన్లు, 75 డెసిబెళ్ల మోత, హీటర్ పెట్టినట్టు 3 కిలోవాట్ల వేడి. పైగా ఇక్కడి సముద్రపు గాలికి కనెక్టర్ల మీద పచ్చగా చిలుము పట్టేది, నెలకోసారి విప్పి తుడిచేవాణ్ణి. అవన్నీ ఓర్చుకున్నా. ఇంతలో కింది వాటా ఆంటీ కూతురు పురిటికి వచ్చింది. ఆంటీ గొడవ పడలేదు. ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "బాబూ, అమ్మాయికి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, ఆ విమానం మోత కాస్త తగ్గించగలవా" అన్నారు, అంతే. గట్టిగా తిట్టి ఉంటే ఏమయ్యేదో గానీ, అలా అడిగేసరికి నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. వెళ్లి ప్లగ్గు పీకేశాను.

మోత లేకుండా దాన్ని ఎలా చల్లబరచాలా అని పది రోజులు చదవడమే పని. నువ్వు వీడియోలో చూసి మురిసిపోయావే, మెషీన్ చుట్టూ ద్రవం కుతకుతా మరుగుతూ, ఆవిరి పైన గొట్టాలకి తగిలి మళ్లీ చినుకుల్లా పడేది, అది మనకి కాదురా. అందులో వాడే నోవెక్ 649 అనే ద్రవం 49 డిగ్రీలకే మరుగుతుంది, చూడ్డానికి నిజంగా అద్భుతం, కానీ ట్యాంకు మూత కాస్త సందిచ్చినా ఆవిరై పోయేది మన డబ్బే. పైగా అది పీఫాస్ జాతి (ప్రకృతిలో ఓ పట్టాన విరిగిపోని ఫ్లోరిన్ రసాయనాలు), ఆ సరుకు తయారీ మొత్తం 2025 చివరికల్లా ఆపేస్తామని దాన్ని చేసే 3ఎం కంపెనీ వాళ్లు 2022 డిసెంబర్‌లోనే చెప్పేశారు. నీళ్లతో చల్లబరిచేవాటికి మెషీనే వేరుగా ఉంటుంది, బోర్డుల మీద నీళ్ల పలకలు బిగించి వస్తుంది. ఉన్న మెషీన్‌నే వాడుకోవాలంటే ఒక ట్యాంకు, మరగని నూనె, ఒక పంపు, ఒక రేడియేటర్. ఇంతకు మించి మనలాంటి ఒకటి రెండు మెషీన్ల వాళ్లకి దారి లేదు.

అమ్మ విని ఏమందో తెలుసా, "ఆవకాయ జాడీలో లాగా ముక్క మీద నూనె నిలబడాలి, లేకపోతే బూజు పడుతుంది" అంది. అక్షరాలా అదే సూత్రం మామా! బోర్డు పూర్తిగా మునిగితే తేమా రాదు, ఉప్పు గాలీ తగలదు, చిలుమూ పట్టదు. కానీ వంటనూనె మాత్రం వద్దు, వేడికి కొన్నాళ్లకే చిక్కబడి కంపు కొడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పనిచేస్తుంది, కానీ గదిలో ఆ వాసన నేను భరించలేను. బిట్‌కూల్ లాంటి ద్రవాలు దీని కోసమే చేసినవి, నా జేబుకి అందలేదు. చివరికి అంబత్తూరు ఎస్టేట్‌లో పల్చటి వైట్ ఆయిల్ (బాగా శుద్ధి చేసిన మినరల్ ఆయిల్) దొరికింది. పల్చగా ఉండటం ముఖ్యం, చిక్కటిదైతే చిప్పుల వేడి లాగే హీట్‌సింక్ రెక్కల మధ్యకి దూరదు. మరీ పల్చనైతే తొందరగా అంటుకుంటుంది కాబట్టి డబ్బా మీద ఫ్లాష్ పాయింట్ (ఎన్ని డిగ్రీలకి దాని ఆవిరి అంటుకుంటుందో ఆ అంకె) చూడకుండా కొనకు.

స్టీల్ ట్యాంకు చేయించాను, నూనె 60 లీటర్లు పట్టింది. పుదుపేట పాత సామాన్ల కొట్లకి వెళ్లి పాత కారు రేడియేటర్ ఒకటి, దానికి ఫ్యాన్ కొన్నా. అక్కడే, ఆ కొట్టులోనే, "ఇది కూడా తీసుకోండి సార్" అంటే రేడియేటర్ గొట్టం కూడా తీసుకున్నా. ఈ గొట్టం గుర్తుపెట్టుకో.

ముంచే ముందు మెషీన్ ఫ్యాన్లు నాలుగూ, పవర్ సప్లై ఫ్యాన్లూ తీసేయాలి. ఫ్యాన్ కనపడకపోతే మెషీన్ స్టార్టే కాదు కదా, ఫ్యాన్ తిరుగుతున్నట్టు నమ్మించే చిన్న ప్లగ్గులు ఉంటాయి, నేను మెషీన్‌లో బ్రెయిన్స్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ వేసి అందులో ఇమ్మర్షన్ మోడ్ (ఫ్యాన్లు లేకుండా ముంచి నడిపే పద్ధతి) పెట్టాను, పవర్ సప్లైకి మాత్రం ఆ ప్లగ్గులే. స్టిక్కర్లన్నీ ముందే గోకి తీసెయ్, నేను రెండు వదిలేస్తే జిగురు కరిగి తేలుకుంటూ వెళ్లి పంపు జాలీకి అడ్డం పడ్డాయి. చిప్పుకీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు కూడా మెల్లమెల్లగా కొట్టుకుపోతుందట, దాని బదులు ఇండియం రేకు వాడతారు, అది నేనింకా చేయలేదు.

ఇక ఆ రాత్రి. దించాను, స్విచ్ వేశాను, మామా... ఏమీ వినపడలేదు. పంపు సన్నగా గుర్ర్‌మంటోంది, రేడియేటర్ ఫ్యాను మన టేబుల్ ఫ్యానంత. ఒకే పరిమాణంలో చూస్తే గాలి కన్నా వెయ్యి రెట్లకు పైగా వేడి మోస్తుంది నూనె, అందుకే అంత గాలి అక్కర్లేదు. 3 కిలోవాట్లకి ట్యాంకులోకి వెళ్లే నూనెకీ బయటికి వచ్చే నూనెకీ 10 డిగ్రీల తేడా చాలనుకుంటే నిమిషానికి 11 లీటర్ల ప్రవాహం సరిపోతుంది, లెక్క వేసి చూడు. బయట 38, నూనె 48, చిప్పులు 66. నూనె చేతికి చురుక్కుమంటున్నా చిప్పుకి అది చల్లదనమే, ఇది నమ్మడానికి నాకు రెండు రోజులు పట్టింది. అర్ధరాత్రి కింద నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. (ఆడపిల్ల! చెప్పడం మర్చిపోయా.) అంతకుముందైతే నా మోతలో అది వినపడేదే కాదు. ఊరికే వింటూ కూర్చున్నా చాలాసేపు.

పదకొండో రోజు రాత్రి రెండింటికి ఫోన్ మోగింది, మెషీన్ ఆగిపోయిందని అలర్ట్. పైకి వెళ్తే తలుపు దగ్గరే కాలు జారింది. రేడియేటర్ గొట్టం ఊడి వేలాడుతోంది, పంపు ఆగకుండా నూనెని మేడ మీదకి పోస్తోంది. అది ఈపీడీఎం రబ్బరురా, కూలెంట్‌కి, నీళ్లకి చేసింది, మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. చేత్తో పట్టుకుంటే నానిన వడలా ఉంది. పంపు పీల్చే గొట్టం కూడా ట్యాంకు అడుగున పెట్టాను, దాంతో దాదాపు 40 లీటర్లు పోయాక గానీ ఆగలేదు. వేడి నూనె పైన ఉంటుంది కాబట్టి పైనుంచే పీల్చాలి, చల్లబడ్డది అడుగు నుంచి ఎక్కించాలి. అలా పెట్టి ఉంటే ఆ గొట్టం ఊడినా నాలుగు లీటర్లతో పోయేది, బోర్డులు మునిగే ఉండేవి. ప్రమాదపు ఉష్ణోగ్రత కాస్త తక్కువకే పెట్టుకున్నా కాబట్టి మెషీన్ తనంతట తానే ఆగి బతికింది.

కానీ నూనె తూము గుండా కిందికి పోయి ఆరేసిన పసిపిల్ల గుడ్డల మీద పడింది. రంపపు పొట్టు చల్లి, సర్ఫ్ పోసి, తెల్లారేదాకా కడిగాను. అయిదింటికి ఆంటీ లేచి వచ్చారు. నాకు నోట మాట రాలేదు. ఆవిడ గుడ్డలు చూశారు, నన్ను చూశారు, "పాప ఇప్పుడే పడుకుంది, చీపురు మెల్లగా వెయ్యి బాబూ" అని లోపలికి వెళ్లి కాఫీ తెచ్చారు. ఆ కాఫీ... సరేలే, వచ్చినప్పుడు చెప్తా.

ఇప్పుడు నూనెకి తట్టుకునే నైట్రైల్ రబ్బరు గొట్టం, ప్రతి చివరా రెండేసి క్లాంపులు, ట్యాంకు కింద పెద్ద ట్రే, నూనె మట్టం తగ్గితే పంపునీ మెషీన్‌నీ కట్ చేసే ఫ్లోట్ స్విచ్. కరెంటు తీగల సంగతి కూడా చూసుకో, నూనె తీగ లోపలి పోగుల గుండా పాకి అవతలి చివర చుక్కలు చుక్కలుగా కారుతుంది. తీగని ట్యాంకు అంచు దాటాక కిందికి వేలాడనివ్వకు, పైకి లేపి కట్టు.

డబ్బు విషయం నిజం చెప్పేస్తున్నా. 2024 ఏప్రిల్ నుంచి ఒక్కో బ్లాకుకి (లావాదేవీల ఒక్కో కట్టకి) ప్రపంచంలోని మైనర్లందరికీ కలిపి కొత్తగా వచ్చేది 3.125 కాయిన్లే, మన దగ్గర 2022 ఏప్రిల్ నుంచి ఈ రాబడి మీద 30 శాతం పన్ను, కరెంటు బిల్లునీ మెషీన్ ఖర్చునీ అందులోంచి తీసేయనివ్వరు. పూర్తిగా నడిపితే రోజుకి 73 యూనిట్ల కరెంటు. నూనెలో వేశాక ఓవర్‌క్లాక్ చెయ్యమని, అంటే మామూలు కన్నా వేగంగా నడపమని అందరూ అంటారు, ఈ కరెంటు రేట్లకి అది వద్దు, నేను 2 కిలోవాట్లకి తగ్గించి నడుపుతున్నా, యూనిట్‌కి పని ఎక్కువ వస్తోంది. లాభం కోసమే అయితే అసలు మొదలుపెట్టకు. నీకూ నాలాగే ఆ మెషీన్ మీద ప్రేమ ఉంటే, చుట్టుపక్కల వాళ్లు నిద్రపోవాలంటే, అప్పుడు ముంచు.

పంపు సైజు గురించి ఇంకొకటి చెప్పాలి, నువ్వు అడిగిన ఆ సబ్‌మెర్సిబుల్ అయితే... అయ్యో, వాటర్ లారీ వచ్చింది, కింద హారన్ కొడుతున్నాడు, సంపు మూత తియ్యాలి. రాత్రికి ఫోన్ చెయ్.