ప్యాకెట్ మీద తెలుగు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట సీలియాక్ జబ్బు అని తేలింది, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడదు. అప్పటి నుంచి అవి మా ఇంట్లోకి రావడం లేదు. మా అత్తమ్మకేమో షుగర్. మొన్న ఒక దుకాణంలో "గ్లూటెన్ ఫ్రీ, లో కార్బ్" (గ్లూటెన్ లేదు, పిండిపదార్థం తక్కువ) అని పెద్ద అక్షరాలతో ఉన్న ప్యాన్‌కేక్ మిక్స్ కనబడగానే ఇద్దరికీ ఒకే టిఫిన్ దొరికిందని సంబరపడి కొన్నాను. ఒక పుట్టినరోజుకు వెళ్లినప్పుడు పిల్లలంతా ప్యాన్‌కేకులు తింటుంటే మా పాప డబ్బాలో తీసుకెళ్లిన అటుకులు తింటూ కూర్చుంది, అది నా మనసులో అలాగే ఉండిపోయింది.

పిండిలో నీళ్లు కలిపి వెంటనే పెనం మీద పోస్తే, అట్లకాడ పెట్టగానే మూడు ముక్కలైంది. గోధుమపిండికి సాగే గుణం ఇచ్చేది గ్లూటెనే, అది లేనప్పుడు పిండిని పట్టి ఉంచడానికి ఇంకేదో కావాలి. మిగిలిన పిండిలో గుడ్డు కొట్టి, చెంచాడు ఇసబ్‌గోల్ వేసి, పది నిమిషాలు నాననిచ్చి, అరచేయంత పోసి సన్న మంట మీద మూత పెడితే అంచులు ఎర్రబడి చక్కగా తిరగబడ్డాయి. పాప ఎంత ఇష్టంగా తిన్నదో చెప్పలేను. అత్తమ్మ కూడా చిన్నవే కదా అని ఆరు తిన్నది.

రెండు గంటల తర్వాత చూస్తే ఆమె షుగర్ 231.

అప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి ప్యాకెట్ వెనక ఇంగ్లిష్‌లో ఉన్నది చదివాను. చదవకుండా పెట్టిన తప్పు నాదే. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం, అందులో బాదం పిండి తర్వాత రెండోదే టాపియోకా స్టార్చ్. 30 గ్రాముల మిక్స్‌కు 14 గ్రాముల కార్బ్స్ అని ఉంది. మేం పోసిన సైజులో 30 గ్రాములకు రెండే వస్తాయి, అంటే అత్తమ్మ తిన్న ఆరింటిలో 42 గ్రాములు. గ్లూటెన్ ఫ్రీ అంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉందని మాత్రమే, షుగర్‌కు దానికి సంబంధం లేదు.

టాపియోకా అంటే ఏంటని అత్తమ్మ అడిగింది. సగ్గుబియ్యం చేస్తారు కదా, ఆ కర్రపెండలం పిండి అన్నాను. "ఆ మాట ముందే చెప్తే నోట్ల పెట్టకపోదును గద బిడ్డా" అన్నది. షుగర్ వచ్చినప్పటి నుంచి ఆమె సగ్గుబియ్యం పాయసం ముట్టలేదు. రోజూ మీ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే మనిషికి చేతిలో ఉన్న ప్యాకెట్‌లో ఏముందో తెలియలేదంటే తప్పు ఆమెదా?

ఇది మాకు మొదటిసారి కాదు. గోధుమ పూర్తిగా మానేసినా పాపకు కడుపునొప్పి తగ్గకపోతే, ఏ ఇంగువ వాడుతున్నారని డాక్టర్ అడిగారు. బజార్లో దొరికే ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారట. ఇంటికొచ్చి డబ్బా చూస్తే చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో వీట్ ఫ్లోర్ అని ఉంది. రోజూ పప్పులో తాలింపు పెట్టేది అత్తమ్మే, ఆ రెండు మాటలు తెలుగులో ఉంటే ఆ డబ్బా ఆ రోజే బయట పడేసేది.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తప్పనిసరి కాదు. అన్ని సరుకుల సంగతి తర్వాత, కనీసం జబ్బు ఉన్నవాళ్ల కోసమని అమ్మే వాటి మీదైనా ఏమేం కలిపారో ఆ రాష్ట్ర భాషలో, కళ్లజోడుతో చదవగలిగేంత అక్షరాల్లో వేయాలని నియమం పెట్టాలి. మీ పత్రిక ఆరోగ్యం పేజీలో టాపియోకా, మాల్టిటాల్, మాల్ట్ లాంటి మాటలకు మనవాళ్లు వాడే పేర్లతో ఒక పట్టిక వేసినా ఎంతో మేలు. నేనైతే ఈ వారం వంటింట్లో ప్రతి డబ్బా మీద తెలుగులో రాసి కాగితాలు అంటించాను, ఇంకా పదకొండు మిగిలాయి.

– ఒక పాఠకురాలు, హనుమకొండ