పండగకి బొంత కుడుతున్న చిన్నాకు

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన లిస్టు చూశాను. పండగకి ఎవరికేం కుట్టాలనుకుంటున్నావో పేరు పేరునా రాశావు. అమ్మమ్మకు బొంత, పిన్నికి బొంత, అత్తకు బొంత, పుట్టబోయే పాపాయికి ఇంకో బొంత, ఆఫీసు స్నేహితులకు దిండు గలేబులు. చదువుతుంటే చాలా సంతోషం వేసింది. కొనిచ్చే వీలుండి కూడా కూర్చుని కుట్టి ఇవ్వాలని నీకు తోచింది చూడు, అదే నాకు పెద్ద పండగ. కానీ నాన్నా, ఇందులో నాలుగు బొంతలున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ, ఉన్న కాస్త టైములో నాలుగూ కుట్టాలంటే ఏదీ కుదురుగా రాదు. ఒక్కటే ఉంచు. ఆ ఒక్కటీ అమ్మమ్మది.

పిన్నికీ అత్తకూ బొంత ఇస్తే మురిసిపోతారు, నిజమే. అమ్మమ్మ సంగతి వేరు. తాతయ్య పోయాక ఆయన చొక్కాలన్నీ అలమారలోనే పెట్టింది. ఎవరికీ ఇవ్వనివ్వదు, తను తీసి చూడదు. వాటితో బొంత కుడతానన్న నీ మాట చెప్పగానే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే లేచి వెళ్ళి ఒక్కొక్కటీ తీసి మంచం మీద పరిచింది. నీలం గళ్ళ చొక్కా మాత్రం కొయ్యొద్దంది. దాన్ని అలాగే ఉంచుదాం, మిగతావన్నీ నీవి.

ఇలాంటి పని నీకంటే ముందు ఎందరో చేశారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో తరతరాలుగా బొంతలు కుట్టుకున్నారు. చలికి కప్పుకోవడానికే కుట్టుకున్నారు. 2002లో వాటిని హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశాక ప్రపంచమంతా వాటివైపు చూసింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు కూడా వేసింది. ఆ ఊరి మిస్సూరి పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాక, 1942లో ఆయన పని బట్టలన్నీ విప్పి బొంత కుట్టింది. ఆయన్ని తలుచుకుంటూ కప్పుకుని పడుకోవడానికేనట. మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన రంగు, మాసికలు అన్నీ అలాగే ఉంటాయి ఆ బొంతలో. నీకిది ఎందుకు చెబుతున్నానంటే, తాతయ్య చొక్కాల రంగులు ఒకదానికొకటి నప్పడం లేదని నువ్వు టెన్షన్ పడతావని నాకు తెలుసు. నప్పకపోయినా ఫరవాలేదు. అవి ఆయన కట్టుకున్న రంగులు. కొత్త గుడ్డ కొని మధ్యలో కలపకు.

చొక్కా విప్పేటప్పుడు కత్తెరతో తొందరపడొద్దు. ముందు కాలరు, కఫ్‌లు, బొత్తాల పట్టీ విడదీసి పక్కన పెట్టు. మోచేతుల దగ్గర, చంకల దగ్గర, కాలరు మడత కింద గుడ్డ అరిగి ఉంటుంది. వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తే పోగులు పలచబడ్డ చోటు తెలిసిపోతుంది. ఆ భాగాలు బొంతలో వేస్తే రెండు ఉతుకులకే చిరుగుతాయి. అన్నిటికంటే మంచి గుడ్డ వీపు భాగంలో దొరుకుతుంది, ఒక్క వీపులోనే తొమ్మిది చదరాలు తేలిగ్గా వస్తాయి. తాతయ్య చొక్కాల్లో సగం కాటన్, సగం టెరికాటన్. రెండూ కలపొచ్చు కానీ ఇస్త్రీ వేడి టెరికాటన్‌కి సరిపోయేలా తగ్గించే పెట్టుకో, లేకపోతే ముడుచుకుపోతుంది. ఆ చొక్కాలు ఎన్నోసార్లు ఉతికినవే కాబట్టి ఇక కుంచించుకోవు. అడుగున వేసే కొత్త కాటన్ గుడ్డ మాత్రం తప్పకుండా ముందే ఉతుకు. కొత్త కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు తగ్గుతుంది. ముదురు రంగైతే తడిపి తెల్ల గుడ్డ మీద అదిమి చూడు, రంగు అంటితే ఆ గుడ్డ వాడకు.

తెల్ల చొక్కా ఒకదాని జేబు కింద ఇంకు మరకుంది. పెన్ను మూత సరిగ్గా పెట్టకుండా జేబులో పెట్టుకునేవాడు కదా, ఆ మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు. దాన్ని పక్కన పడెయ్యకు. జేబుతో సహా చదరంగా కోసి, పై వరసలో, అమ్మమ్మ చెయ్యి ఆనే చోట పెట్టు.

ఇక లెక్కలు. అరవై అంగుళాల వెడల్పు, డెబ్భై రెండు పొడవు ఉంటే అమ్మమ్మకు కప్పుకోవడానికీ సరిపోతుంది, తనే మడతపెట్టుకోగలిగేంత బరువే ఉంటుంది. ఆరంగుళాల చదరాలైతే అడ్డం పది, నిలువు పన్నెండు, మొత్తం 120. కొయ్యడం మాత్రం ఆరున్నర అంగుళాలకు కొయ్యి, చుట్టూ పావంగుళం కుట్టులోకి పోతుంది. ఈ పావంగుళం దగ్గరే అందరి బొంతలూ వంకర్లు పోతాయి. ఒక్కో అంచున ఒక మిల్లీమీటరు ఎక్కువ పట్టావనుకో, రెండు ముక్కలకీ కలిపి కుట్టుకి రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. తొమ్మిది కుట్లున్న వరసలో అది దాదాపు రెండు సెంటీమీటర్లు. ఒక వరస పొట్టిగా, ఇంకో వరస పొడుగ్గా వచ్చి మూలలు కలవవు. అందుకే మిషను సూది నుంచి పావంగుళం కొలిచి, ప్లేటు మీద రంగు టేపు అంటించుకో. చదరాలన్నీ కొయ్యకముందే రెండు కలిపి కుట్టి కొలిచి చూడు, పన్నెండున్నర అంగుళాలు రావాలి.

ఒక వరస కుట్టు మార్జిన్లన్నీ ఎడమకి, తర్వాతి వరసవి కుడికి పడుకోబెట్టి ఇస్త్రీ చెయ్యి. అప్పుడు వరసలు కలిపేటప్పుడు మూలలు వాటంతట అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. ఇస్త్రీ పెట్టెని గుడ్డ మీద రుద్దకు, ఎత్తి అద్దు. రుద్దితే చదరం సాగిపోతుంది.

అడుగు గుడ్డ నాలుగు వైపులా నాలుగంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే అరవై ఎనిమిది, ఎనభై. నలభై నాలుగంగుళాల వెడల్పున్న గుడ్డ రెండు పొడవులు జతచెయ్యాలి. ఉతికితే తగ్గేది కూడా కలుపుకుని నాలుగున్నర మీటర్లు తీసుకో. మధ్యలో వేసే దూది పొర కాటన్‌దే కొను, అమ్మమ్మకు ఉక్కపోత పట్టదు. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో ఆ ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, దాన్ని దాటితే ఉతికాక దూది లోపల ఉండ కడుతుంది. మూడు పొరలూ నేల మీద ముడత లేకుండా పరిచి, అరచెయ్యంత దూరానికొక పిన్నీసు పెట్టు. మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి వెళ్ళు. అంచు నుంచి మధ్యకొస్తే ముడతలన్నీ నడుమ పోగవుతాయి.

చదరాలు మిషను మీద కలిపినా, మూడు పొరల కుట్టు మాత్రం చేత్తో వెయ్యమని నా కోరిక. దారం మరీ పొడవు తీసుకోకు, మోచేతి నుంచి వేలి కొస దాకా చాలు. ఎక్కువైతే చిక్కులు పడి, అరిగి తెగుతుంది. పొట్టి సూది తీసుకో, షాపులో 'బిట్వీన్స్' అనడుగు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం, నీకు తొమ్మిదో పదో సరిపోతుంది. దారం కొసకి చిన్న ముడి వేసి, కుట్టు మొదలయ్యే చోటికి అంగుళం దూరంలో పై గుడ్డలోకి, దూదిలోకి మాత్రమే సూది దించి, కుట్టు చోట పైకి తియ్యి. ముడి గుడ్డ దగ్గర ఆగుతుంది. అప్పుడు దారాన్ని చిన్నగా గుంజితే 'టప్'మని ముడి లోపలికి దూకి దూదిలో దాక్కుంటుంది. పైన ఏమీ కనిపించదు, అడుగునా కనిపించదు. ఆ చప్పుడు చెవిన పడ్డ ప్రతిసారీ నాకు హాయిగా ఉంటుంది. కింద ఒక వేలు పెట్టుకో, సూది మొన తగలగానే పైకి తిప్పు. మధ్యవేలికి లోహపు తొడుగు తప్పకుండా వేసుకో. కుట్లు సన్నగా రాకపోయినా పట్టించుకోకు, ఒకే కొలతలో ఉంటే చాలు. సన్నదనం చెయ్యి అలవాటు పడ్డాక వస్తుంది.

చివర్లో చుట్టూ పట్టీ. చుట్టుకొలత 264 అంగుళాలు, మూలలకీ అతుకులకీ ఇంకొంచెం. రెండున్నర అంగుళాల పట్టీలు ఏడు కావాలి, అర మీటరు గుడ్డలో వస్తాయి. పొడవునా మడిచి ముందు వైపు మిషను మీద, వెనక వైపు చేత్తో హెమ్మింగ్. ఈ హెమ్మింగ్ నాకు వదిలెయ్, నేను చేస్తాను. మా నాన్న చొక్కాల బొంతలో నా చెయ్యి కూడా ఉండాలి కదా.

మిగతావాళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. పిన్ని వంటింట్లో రోజూ చేతిలో ఉండేవి మసిగుడ్డలు. మంచి గళ్ళ గుడ్డతో రెండు కుట్టి ఇవ్వు, దూది పొర రెండు వరసలు వెయ్యి. అందులోకి పాలియెస్టర్ దూది వెయ్యకు, వేడి గిన్నెకి కరుగుతుంది. అత్తకు కళ్ళజోడు పెట్టుకునే సంచి. చిన్నదే కానీ లోపల అస్తరు వేసి కుట్టు, అద్దం గీతలు పడకూడదు.

పాపాయికి బొంత కుట్టినా పడుకునేటప్పుడు కప్పడానికి పనికిరాదు. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయే చోట బొంతలు, దిండ్లు ఉంచొద్దని డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు, ఊపిరికి అడ్డం పడే ప్రమాదం ఉంది. వచ్చే ఏడాది నేల మీద పరిచి ఆడించుకునేలా ఒకటి కుట్టు. బొత్తాలు, పూసలు అస్సలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. ఇప్పటికి మెత్తటి గుడ్డ బంతి చాలు.

స్నేహితులకు గలేబులు వద్దు, చేతిరుమాళ్ళ మీద పేరులోని మొదటి అక్షరం కుట్టి ఇవ్వు. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి కాడ కుట్టు బాగా ఒదుగుతుంది. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పేటలుంటాయి, రెండే విడదీసి వాడు. మూడు వాడితే చేతిరుమాలు మీద మొద్దుగా తగులుతుంది. అక్షరం గీసుకోవడానికి నీళ్ళకి పోయే పెన్ను వాడితే, ముందు చన్నీళ్ళలో జాడించి ఆ తర్వాతే ఇస్త్రీ చెయ్యి. వేడి తగిలితే ఆ గీత గుడ్డలో ఉండిపోవచ్చు. రోజు పని అయ్యాక గుడ్డ బిగించిన రింగు విప్పేసెయ్, అలాగే వదిలేస్తే గుండ్రటి మడత పడుతుంది.

అమ్మమ్మ బొంత వెనక, ఒక మూలన, చిన్న తెల్ల గుడ్డ ముక్క కుట్టు. దాని మీద తాతయ్య పేరు, అమ్మమ్మ పేరు, నీ పేరు, ఏడాది, ఎలా ఉతకాలో రెండు మాటలు దారంతో రాయి. పద్నాలుగో శతాబ్దంలో ఇటలీ దగ్గరి సిసిలీ దీవిలో కుట్టిన ట్రిస్టన్ క్విల్ట్ అనే బొంత ఉంది. నార గుడ్డ మీద ట్రిస్టన్ అనే వీరుడి కథలోని ఘట్టాలు బొమ్మలుగా కుట్టి లోపల దూది కూరారు. ఇప్పుడు ఒక భాగం లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఇంకొకటి ఫ్లోరెన్స్‌లో ఉన్నాయి. ఆరొందల ఏళ్ళు నిలిచింది కానీ కుట్టిన చేతులెవరివో పేరు మిగల్లేదు. నాకు ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా బాధేస్తుంది. నీ పేరు కుట్టడానికి మొహమాటపడకు.

పండగ నాటికి పూర్తికాకపోతే కంగారుపడి పెద్ద పెద్ద కుట్లు వెయ్యకు. చదరాలు కలిపిన పై గుడ్డ, కింద పొరలు పిన్నీసులతో అలాగే పట్టుకొచ్చెయ్. ఇక్కడ అమ్మమ్మ పక్కన కూర్చుని కుట్టు. ఏ చొక్కా ఎప్పుడు కుట్టించుకున్నాడో, ఏది వేసుకుని ఎవరి పెళ్ళికి వెళ్ళాడో తనే చెబుతుంది. ఆ కబుర్లు విన్నాక ఆలస్యమైనందుకు నువ్వే సంతోషిస్తావు. కళ్ళు బాగా కనపడకపోయినా తనకీ ఒక సూది ఎక్కించి ఇవ్వు, నాలుగు కుట్లు వంకరగా పడినా విప్పొద్దు.

చొక్కాలు రేపు పార్శిల్ చేస్తున్నాను. అన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టాను. బొత్తాలు కోసినప్పుడు పారెయ్యకుండా ఒక డబ్బాలో వేసి ఉంచు, అమ్మమ్మ అడిగింది. చదరాలు రెండు కలిపి కొలవగానే ఎంత వచ్చిందో ఫోన్ చేసి చెప్పు. రాత్రిళ్ళు లైటు తక్కువగా పెట్టుకుని కుట్టకు, వేళకి తిను.

ఆశీస్సులతో,
అమ్మ