సక్కర్ చేప కొనేముందు వీపు రెక్క చూడండి

సంపాదకులకు,

కృష్ణలోనో బందరు కాలువలోనో వలకు దెయ్యం చేప పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఫొటో వేస్తున్నారు. ఆ చేప పిల్లనే విజయవాడ, గుంటూరు అక్వేరియం దుకాణాల్లో రెండంగుళాలున్నప్పుడు 'సక్కర్' పేరుతో అమ్ముతారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ సెయిల్‌ఫిన్ ప్లెకో ఎదిగితే అడుగున్నర. దాదాపు అదే రంగులో ఉండే బ్రిసిల్‌నోస్ అనే మరో రకం ప్లెకో ఐదారు అంగుళాల దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో రెండడుగుల తొట్టె ఉన్నవాళ్లకు కావలసింది ఈ రెండోదే.

పిల్లల్లో తేడా పట్టడానికి వీపు రెక్కను మించిన గుర్తు లేదు. చేపను నీళ్లున్న కవర్లో వేయించి వెలుతురుకు ఎదురుగా పట్టండి. రెక్క విప్పగానే ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. ముందుండే గట్టి ముల్లును వదిలేసి మెత్తటి పుల్లలే లెక్కపెట్టాలి, అదీ వీపుకు అంటుకునే చోట. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో పుల్ల చీలుతుంది, కొసల్లో లెక్క తప్పుతుంది. పది, ఆపైన ఉంటే సెయిల్‌ఫిన్. ఏడుంటే బ్రిసిల్‌నోస్ అనుకుని వెంటనే డబ్బు కట్టేయకండి, హైపోస్టోమస్ అనే పెద్ద ప్లెకోకూ మామూలుగా ఏడే ఉంటాయి. అప్పుడు ముక్కు చూడాలి. బ్రిసిల్‌నోస్ ముక్కు అంచున గట్టి ఎముక పలకలుండవు, మెత్తటి తోలే. తల వెడల్పుగా, అణిగి ఉంటుంది.

ముక్కు మీది మీసాలు చూసి బ్రిసిల్‌నోస్ అని కొనేవాళ్లే ఎక్కువ మోసపోతారు. కొమ్మలు కొమ్మలుగా చీలే ఆ మీసాలు ఎదిగిన మగచేపకే బాగా వస్తాయి. ఆడదానికి అంచున పొట్టిగా ఉంటే ఉంటాయి, చిన్న పిల్లలకు కనిపించవు. రంగునూ నమ్మలేం. బెదిరితే వెలిసిపోతుంది, పైగా ఒంటి రంగు లేని ఆల్బినో రకం రెండింటిలోనూ దొరుకుతుంది.

దుకాణదారులు వీటిని వలతో పట్టకుండా ప్లాస్టిక్ డబ్బాతో ముంచితే మంచిది. బుగ్గల ముళ్లూ పక్క రెక్కల ముళ్లూ వలకు చిక్కుకుంటాయి. చిక్కితే లాగకూడదు, వలనే కత్తిరించాలి.

కాలువలో దొరికిన పెద్ద చేపకు మీ విలేకరులు పొట్ట ఫొటో కూడా తీస్తే అది సెయిల్‌ఫిన్లలో ఏ జాతో కొంత తెలుస్తుంది. మచ్చలు విడివిడిగా ఉంటే పార్డాలిస్, కలిసిపోయి వానపాముల్లా మెలికలు తిరిగితే డిస్‌జంక్టివస్. రెండూ కలిసిన సంకరాలూ ఉన్నాయి, మధ్యరకంగా కనిపిస్తే పేరు రాయకపోవడమే నయం.

ఇప్పటికే పెద్దదాన్ని కొన్నవారు దయచేసి దాన్ని ఏలూరు కాలువలోనో రైవస్ కాలువలోనో వదలకండి. నీటిలో ఆక్సిజన్ తగ్గినా అది పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది, గట్లకు బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి. దుకాణదారులు కూడా తొట్టె మీద ధరతో పాటు 'ఎదిగితే 18 అంగుళాలు' అని రాసిపెట్టాలి.

— అక్వేరియం పెంపకందారు, సత్యనారాయణపురం, విజయవాడ