దద్దుర్లకు అన్నీ మానేయమని చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ ఆరోగ్యం పేజీలో దద్దుర్లున్నవాళ్లు వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, పల్లీలు, పాలు అన్నీ మానేయాలని రాశారు. చదివి బాధేసింది. ఎందుకంటే నేను 14 నెలలు సరిగ్గా అదే చేశాను.

మూడేళ్ల కిందట మొదలైంది. పొద్దుగూకేసరికి చేతుల మీద, తొడల మీద, నడుము చుట్టూ బిళ్లలు బిళ్లలుగా లేచేవి, రాత్రంతా గోకుడే, తెల్లారేసరికి ఒక్కటీ కనబడేది కాదు. అత్తమ్మ వంకాయ అంది, ఎదురింటావిడ నూనె మార్చమంది. చివరికి ఒక ల్యాబ్‌లో వేలు పోసి, ఏ తిండి పడదో చెబుతామనే ఐజీజీ ఫుడ్ టెస్ట్ అనే రక్త పరీక్ష చేయిస్తే నలభైకి పైగా పేర్లు ఎర్ర రంగులో వచ్చాయి. అన్నీ వదిలేశాను. అన్నం, బీరకాయ, సొరకాయ, అంతే. ఏడు కిలోలు తగ్గాను, జుట్టు ఊడింది, హిమోగ్లోబిన్ తొమ్మిదికి పడిపోయింది, దద్దుర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

తర్వాత చూపించుకున్న చర్మ డాక్టరుగారు ఆ రిపోర్టు పక్కన పెట్టేశారు. ఐజీజీ అంటే ఆ తిండి మనం తిన్నామని చెప్పేదే తప్ప పడదని చెప్పేది కాదట. తిండి అలర్జీ అయితే సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపే తెలుస్తుంది. ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉండే దద్దుర్లకు తిండి అలర్జీ కారణం కావడం చాలా అరుదు, చాలామందిలో మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చర్మంలోని కణాలను కదిలించి దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుందని చెప్పి, ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నారు. ఏం తిన్నాను, ఎన్నింటికి, ఏ మాత్ర వేసుకున్నాను, నిద్ర, నెలసరి, టెన్షన్, ఎండ, బిగుతు బట్టలు, అన్నీ రాయాలి.

ఆరు వారాలు రాస్తే వంకాయ తిన్న రోజుకూ తినని రోజుకూ తేడా లేదు. దద్దుర్లు బాగా లేచిన రోజుల్లో చాలావరకు నేను తలనొప్పికి పెయిన్‌కిల్లర్ వేసుకున్న రోజులే! ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొందరిలో దద్దుర్లు పెంచుతాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంకోటి, బయటి నుంచి తెచ్చుకున్న ఎర్రటి చికెన్. అది ప్రతిసారీ కాదు. అందుకే డాక్టరుగారు రంగులేసినవి, ప్యాకెట్ సాస్‌లు, నిల్వ పచ్చళ్లు మూడు వారాలు ఆపించి, తర్వాత ఒక్కొక్కటే మూడేసి రోజుల తేడాతో తినమన్నారు. పచ్చడి పడింది, గుడ్డు, పాలు పడ్డాయి. రంగు వేసినదే మిగిలింది. దద్దుర్లకు రాసిచ్చిన మందు కూడా దురద వచ్చినప్పుడు కాకుండా రోజూ వేసుకోమన్నారు, నాకు తేడా కనిపించింది అప్పుడే. అయితే పెదవులు, నాలుక ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా నోట్‌బుక్ వెతుక్కోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక్కడ మన హైదరాబాద్ సంగతి ఒకటి చెప్పాలి. ప్యాకెట్ మీద గుడ్డు, పాలు, సోయా, వేరుశెనగ, రొయ్యలు ఉన్నాయో లేదో రాయాలని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి నిబంధనల్లో ఉంది, పది అంతకు మించి శాఖలున్న హోటళ్లూ మెనూలో చెప్పాలి. మరి మా మల్కాజిగిరిలో సగం ఇళ్లకు రాత్రి కూర వచ్చేది కర్రీ పాయింట్ నుంచి. అందులో ఏ రంగు వేశారో అడిగితే "అందరూ తింటున్నారు కదమ్మా" అంటారు. వాళ్లు గోడ మీద ఒక అట్ట పెట్టి రాస్తే చాలు, మాలాంటివాళ్లం చూసుకుని కొనుక్కుంటాం.

మీకు ఒక్క విన్నపం. వచ్చేసారి తినకూడని వాటి జాబితా బదులు తేదీ, సమయం, తిండి, మాత్రలు, నిద్ర, దద్దుర్లు అని ఆరు గళ్లతో ఒక నెలకు సరిపడా పట్టిక వేయండి. కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంటాం.

ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్