గుండూ, ఈ డిస్క్ గోల విను

ఒరేయ్ గుండూ,

ఉత్తరం బాగా ఆలస్యమైంది, తిట్టుకో. ఏ తిట్టు తిడతావో కూడా తెలుసు, మెస్‌లో సాంబారుని తిట్టినదే. అమ్మ బాగుంది, ఇల్లు మారలేదు, నా బరువు సంగతి అడక్కు. ఇక అసలు విషయం, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మొన్న రాత్రి ఆన్‌కాల్ నాది. మంచి నిద్రలో ఫోన్ మోగింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ డిస్క్ 85 శాతం నిండింది. చూస్తే సీపీయూ ఖాళీ, మెమరీ బాగుంది, క్వెరీలు చకచకా నడుస్తున్నాయి, డాష్‌బోర్డ్ పచ్చగా నవ్వుతోంది. టేబుళ్ళేమీ పెరగలేదు. మరి డిస్క్‌ని ఏం తింటోంది? వాల్ ఫోల్డర్! అదేరా, డేటాలో చేసే ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే చిట్టా. ఒక్కో ఫైలు 16 ఎంబీ, వేలకొద్దీ పడి ఉన్నాయి.

ఇంతలో మా కొత్త కుర్రాడు చాట్‌లో "సార్, పాత లాగ్‌లే కదా, డిలీట్ కొట్టేయనా?" అన్నాడు. నిద్ర ఎగిరిపోయింది. అవి పోతే సర్వర్ మళ్ళీ లేవడం అనుమానమేరా! వాడినీ అనలేం. ఒకప్పుడు ఆ ఫోల్డర్ పేరులోనే లాగ్ అని ఉండేది. జనం అలాగే తుడిచేస్తుంటే 2017లో పదో వెర్షన్‌లో పేరు మార్చారు. "నాయనా, కీబోర్డ్ వదిలెయ్" అన్నాను.

దొంగ రెప్లికేషన్ స్లాట్‌లలో దొరికాడు. స్లాట్ అంటే, కాపీ తీసుకునే ఇంకో సర్వర్ చిట్టాని ఎంతవరకు చదివిందో గుర్తుపెట్టుకునేది. రిపోర్టుల టీమ్ వాళ్ళు ఎప్పుడో ట్రయల్‌కని ఓ సర్వర్ తగిలించి, తర్వాత దాన్ని ఆపేశారు. స్లాట్ మాత్రం తీయలేదు. చదివేవాడు లేడు, అయినా వాడొస్తాడని మా సర్వర్ ప్రతి ఫైలూ దాచిపెడుతోంది. ఊరొదిలిపోయిన వాళ్ళ గుమ్మం ముందు పేపర్ల గుట్టలాగా. మాకు అంటగట్టిన మానిటరింగ్‌లో సవాలక్ష అలర్టులున్నాయి, స్లాట్ ఎంత వెనకబడిందో చెప్పేది ఒక్కటీ లేదు!

మేనేజర్‌ని లేపితే "టికెట్ పెట్టు, పొద్దున చూద్దాం". డిస్క్ 93 శాతం. రిపోర్టులావిడని లేపితే "ఏ స్లాటండీ? మాది కాదేమో". 96. నిజంగా భయమేసిందిరా, అందులో ఉన్నది జీతాల డేటా. డిస్క్ నిండితే సర్వర్ కుప్పకూలుతుంది. చివరికి ఆవిడ "సరే, తీసేయండి" అంది. తీశా. డిస్క్ కదల్లేదు! ఒక్క క్షణం... చెక్‌పాయింట్, అంటే మార్పులన్నీ అసలు డేటా ఫైళ్ళలోకి చేర్చే పని, నడిస్తేగానీ ఆ ఫైళ్ళు పోవు కదా. చేత్తో నడిపించా. సర్రున దిగింది. పులిహోర గాడు గోడ దూకినంత స్పీడుగా.

పొద్దున మీటింగ్‌లో ఏమన్నారో తెలుసా? "రాత్రి ఇష్యూస్ ఏమీ లేవుగా?"

2020లో వచ్చిన పదమూడో వెర్షన్ నుంచి స్లాట్ దాచుకునేదానికి పరిమితి పెట్టుకోవచ్చు. మనం పెట్టకపోతే హద్దే లేదు. పెడదామంటే ఓ పేచీ ఉంది. హద్దు దాటితే వెనకబడ్డ నిజమైన రెప్లికా (కాపీ సర్వర్) కూడా తెగిపోతుంది, మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. అయినా సర్వర్ పడిపోయేకంటే అదే నయం అని నేను, అప్రూవల్ కావాలని వాళ్ళు... ఆ పంచాయితీ ఇంకా

క్యాబ్ వాడు కింద హారన్ కొట్టేస్తున్నాడు. పులిహోర పెళ్ళికి వస్తున్నావా లేదా? వస్తే నా చొక్కా తీసుకురా, ఉతికి.

నీ
బక్కోడు