మంత్రిగారూ, పాలమూరుకు ఒక డబుల్స్ కోచ్‌ను ఇవ్వండి

గౌరవనీయులైన క్రీడా శాఖ మంత్రిగారికి నమస్కారం.

మీది మక్తల్. టెన్నిస్ అనగానే మన పిల్లలు హైదరాబాద్ బస్సెక్కాల్సిందేనని మీకు చెప్పనక్కర్లేదు. నేను రిటైరైన పీఈటీని, అంటే బడిలో ఆటలు నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో టెన్నిస్‌కు ఏం చేసినా డబుల్స్‌ను, అంటే ఇద్దరిద్దరు జోడీగా ఆడే ఆటను, మనసులో పెట్టుకుని చేయండి, అదే నా విన్నపం.

ఒక్కరికొక్కరు తలపడే సింగిల్స్ చేతకానోళ్లు ఆడేది డబుల్స్ అనే చులకన ఇంకా పోలేదు. మన సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. గాయాలతో సింగిల్స్ వదిలేశాక, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయి 91 వారాలు ఆ స్థానంలో ఉంది. రోహన్ బోపన్నది ఇంకా వింత. కర్ణాటకలోని కొడగు కాఫీ తోటల నుంచి వచ్చినవాడు, సింగిల్స్‌లో మొదటి 200 మందిలోకి ఎన్నడూ రాలేదు. 2021లో నెలల తరబడి గెలుపే లేక మానేద్దామనుకున్నాడు. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయినా అయ్యంగార్ యోగాతో నెట్టుకొచ్చి, 2024లో 43 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియా ఆటగాడు మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. మా పీఈటీలు చాలామంది ఆ వయసుకే విజిల్‌తో సరిపెట్టుకుంటారు!

తేలికైన బతుకని అనడం లేదు. ప్రైజ్ మనీ ఇద్దరూ పంచుకోవాలి, విమానం టికెట్ మాత్రం ఎవరిది వాళ్లదే. టోర్నీలో చోటివ్వడానికి ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు కాబట్టి, సరైన జోడీ దొరక్కపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే. చెరో సెట్ గెలిస్తే, చాలా టోర్నీల్లో మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేకే, అంటే విజేతను తేల్చే చిన్న ఆటే. అక్కడ రెండు బంతులు తప్పితే ఆ వారం ఖర్చంతా నీళ్లపాలు. అందుకే వాలీలు (బంతి నేల తాకకముందే కొట్టడం), రిటర్న్‌లు (ఎదుటివాళ్ల సర్వీస్‌ను తిప్పికొట్టడం), జోడీతో సైగలు చిన్నప్పుడే నేర్పాలి. మన దగ్గర పిల్లల్ని కోర్టు వెనక గీత, అదే బేస్‌లైన్ దగ్గర నిలబెట్టి కొట్టించడమే నేను ఎక్కువగా చూశాను.

ఇంకో సంగతి. ఒక్క కోర్టులో సింగిల్స్ పెడితే ఇద్దరాడతారు, మిగతావాళ్లు బంతులు ఏరుతారు. డబుల్స్ అయితే నలుగురు ఆడొచ్చు. కోర్టులు తక్కువున్న మనకు ఇంతకన్నా చవకైన దారి నాకు తోచడం లేదు.

మహబూబ్‌నగర్‌కో నల్లగొండకో డబుల్స్ ఆడిన అనుభవమున్న కోచ్‌ను పంపండి, కాంట్రాక్టు మీదైనా సరే. బయటి పోటీలకు వెళ్లేటప్పుడు ఛార్జీలు జోడీలో ఇద్దరికీ ఇవ్వండి. ఒకరికిచ్చి ఇంకొకరిని ఆపితే ఇద్దరూ ఆగినట్టే. మా ఎండలు మీకు తెలుసు, కోర్టుకు లైట్లుంటే సాయంత్రాలు ఆడించుకుంటాం. వేసవి సెలవుల్లోపు కోచ్ వస్తే, పిల్లల్ని పోగుచేసే పని నాది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
మహబూబ్‌నగర్