బర్న్స్ ఆంగ్ల కవి కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సాహిత్య పేజీలో స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్‌పై వచ్చిన వ్యాసం చదివాను. ఆయన పేదరికం గురించీ, పాటల గురించీ ప్రేమగా రాశారు. కానీ మొదటి వాక్యంలోనే ఆయనను 'ఆంగ్ల కవి' అన్నారు. ఆయన రాసినది 'ఇంగ్లీషులో ఒక పల్లెయాస' అన్నారు. ఈ రెండు మాటలూ నాకు బాధ కలిగించాయి.

నేను అబర్డీన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో నర్సును. ఇక్కడి పెద్దవాళ్లు నాతో ఇంగ్లీషులో మాట్లాడతారు, వాళ్లలో వాళ్లు మాత్రం స్కాట్లాండ్ సొంత భాష స్కాట్స్‌లోనే. బర్న్స్ రాసిందీ ఈ భాషలోనే. ఈ ఈశాన్య ప్రాంతపు స్కాట్స్‌ను డోరిక్ అంటారు. పొద్దున్నే పలకరింపు 'ఫిట్ లైక్?' అని, అంటే ఎలా ఉన్నావు అని. బుకన్ తీరంలో చేపల పడవల మీద బతికిన ఒక తాతగారు తన చిన్నప్పటి సంగతి చెప్పారు. బడిలో ఈ భాష నోట వస్తే పంతులు అరచేతి మీద తోలు పట్టీతో కొట్టేవాడట. బర్న్స్ పుట్టిన నెల జనవరి వచ్చేసరికి అదే పంతులు బర్న్స్ పద్యం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లలకు ప్రశంసాపత్రం ఇచ్చేవాడట. తాతగారికి రెండూ దక్కాయి. ఇప్పటికీ ఆయన బర్న్స్ కథాపద్యం 'టామ్ ఒ షాంటర్' మొదలుపెడితే, టామ్ గుర్రం తోక పోగొట్టుకుని వంతెన దాటేదాకా నేను మందులు పట్టుకుని నిలబడతాను. ఆ గొంతులో అది వినడం నా అదృష్టం.

పల్లెయాసలో రాజుల కొలువు నడవదు. 1375 ప్రాంతంలో ఇదే అబర్డీన్ చర్చిలో ఉన్నత పదవిలో ఉన్న జాన్ బార్బర్, స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ మీద ఈ భాషలోనే 13 వేలకు పైగా పంక్తుల కావ్యం రాశాడు. స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ ఆస్థానంలో ఈ భాషలో రాసే కవి విలియం డన్బార్ ఉండేవాడు. మరో కవి గావిన్ డగ్లస్ 1513లో రోమన్ కవి వర్జిల్ మహాకావ్యం మొత్తాన్ని లాటిన్ నుంచి అనువదించి, తన భాష 'స్కాటిస్' అని స్పష్టంగా రాసుకున్నాడు. ఇంగ్లండులో అప్పటికి ఆ పని ఎవరూ పూర్తి చేయలేదు. తర్వాత మత సంస్కరణ వచ్చింది, చర్చిలో చదివే బైబిలు ఇంగ్లీషుది అయింది. 1603లో స్కాట్లాండ్ రాజు ఇంగ్లండుకూ రాజై లండన్ వెళ్లిపోయాడు, 1707లో పార్లమెంటూ అటే వెళ్లింది. భాష ఇళ్లల్లో, పొలాల్లో మిగిలింది.

బర్న్స్‌కు ఇంగ్లీషు రాక ఇలా రాశాడనుకునేవారు ఎలుక మీద ఆయన రాసిన పద్యాన్ని దగ్గరగా చూడాలి. 1785 నవంబరులో నాగలి కింద ఒక చిట్టెలుక గూడు చెదిరిపోయింది. మొదటి చరణంలో, వణికిపోతున్న ఆ ప్రాణిని ఆయన చిక్కని స్కాట్స్‌లో బుజ్జగిస్తాడు. రెండో చరణంలో, మనిషి పెత్తనం ప్రకృతి బంధాన్ని తెంచిందని విచారించేటప్పుడు, దాదాపు పూర్తిగా పుస్తకాల ఇంగ్లీషులోకి మారతాడు. మూడో చరణంలో మళ్లీ రైతు భాష: ఇరవై నాలుగు పనల్లో ఎప్పుడైనా ఒక వెన్ను నువ్వు తీసుకుంటే నాకేం తక్కువ, నువ్వూ బతకాలి కదా అంటాడు. రెండు భాషలూ చేతిలో ఉన్న కవి, దేనికి ఏది కావాలో ఎంచుకున్నాడు. ఇంగ్లీషు మాత్రమే ఎరిగిన పాఠకుడికి ఆ మూడో చరణం అర్థ వివరణ లేకుండా అందదు.

ఆయన ఒంటరివాడూ కాదు. ఆయనకు ముందే రాబర్ట్ ఫెర్గూసన్ ఎడింబరో వీధుల మీద స్కాట్స్‌లో గొప్ప పద్యాలు రాసి, 1774లో 24 ఏళ్లకే పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. గుర్తు కూడా లేని ఆ సమాధికి తన ఖర్చుతో రాయి వేయించినవాడు బర్న్స్. తన గురువు ఎవరో ఆయనకు తెలుసు.

2025లో స్కాట్లాండ్ పార్లమెంటు చేసిన చట్టంతో గేలిక్‌తో పాటు స్కాట్స్‌కు అధికారిక హోదా వచ్చింది. గేలిక్ స్కాట్లాండ్‌లోనే మాట్లాడే, కెల్టిక్ శాఖకు చెందిన మరో భాష, స్కాట్స్ ఇంగ్లీషుకు సోదర భాష.

నా విన్నపం ఒకటే. వచ్చే జనవరి 25న, బర్న్స్ పుట్టినరోజున, ఆయన పద్యం ఒకటి, ఫెర్గూసన్‌ది ఒకటి, మా ప్రాంతపు కవయిత్రి వయొలెట్ జేకబ్‌ది ఒకటి నేరుగా స్కాట్స్ నుంచి తెలుగు చేయించి వేయండి. పెద్ద స్కాట్స్ నిఘంటువులు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అనువాదకులు ఎక్కడైనా ఆగితే నాకు రాయండి, ఇక్కడి తాతగార్లను అడిగి చెబుతాను.

– ఒక పాఠకురాలు, అబర్డీన్, స్కాట్లాండ్